కడప నుంచి ట్యాంకరు వచ్చేలోగా

నంద్యాల దాటినానని చెప్పి తమ్ముడు ఫిరోజ్ ఫోను పెట్టేశాక మెహనాజ్‌కు మళ్ళీ ల్యాబులోకి పోబుద్ధి కాలేదు. పోయినా చేసేదేం లేదు. పొద్దున్నుంచి ఎన్నిసార్లు డైజెస్టరు నీళ్ళు పట్టి తెచ్చి మీటరు ముంచినా అంకె కిందికి జారడమే గాని ఒక్కచోట నిలబడింది లేదు, నీళ్ళు పులుపెక్కుతూనే ఉన్నాయి, సీసా మూత తీస్తే చాలు గదంతా చెడిపోయిన నెయ్యి కంపు కొడుతోంది. అందుకని డైజెస్టరు పక్కన ఇనప మెట్ల మీద నీడ ఉన్న మేరకు చూసుకుని కూర్చుంది. మే నెల ఎండ. మెట్ల కమ్మీ ముట్టుకుంటే చురుక్కుమంటోంది. ఇక్కడ కూర్చుంటే ఒకవైపు గేటు కనపడుతుంది, నందికొట్కూరు రోడ్డు మీద ఏ బండి వచ్చినా దుమ్ము ముందు కనపడుతుంది. ఇంకోవైపు ప్రహరీ గోడ, దాని వెనక ఎండిపోయిన ఇసుక వంక, వంక అవతల నాలుగు రేకుల ఇళ్ళు, ఒక గిలక బావి. అటువైపు చూడకూడదనుకుంది. అనుకున్న మరుక్షణమే చూసింది. బావి దగ్గర ఎవరూ లేరు.

వీపు వెనక సిమెంటు గోడ వేడిగా ఉంది. ఆ గోడ లోపల గాలి లేని, వెలుతురు లేని చీకట్లో, ఆ నల్లటి బురదలో ఇంకా ఏమైనా బతికుందా అని ఆమె మనసు పదేపదే అక్కడికే పోతోంది. పాల డైరీ కడిగిన నీళ్ళన్నీ శుద్ధి కావడానికి ఈ డైజెస్టరు తొట్టిలోకే వస్తాయి. ట్యాంకులు కడిగినవి, నేల కడిగినవి, విరిగిన పాలు, మజ్జిగ, జిడ్డు, అన్నీ. కాలేజీ పిల్లలు చూడ్డానికి వచ్చినప్పుడు ఆమె వాళ్ళకు ఇంటి భాషలో చెప్పేది. లోపల రెండు రకాల సూక్ష్మజీవులుంటాయి, ముందు రకానివి పాలనూ జిడ్డునూ విరగ్గొట్టి ఆమ్లాలు చేస్తాయి, వెనక రకానివి ఆ ఆమ్లాలను తిని గ్యాసు వదుల్తాయి, మొదటివి చకచకా పెరుగుతాయి, రెండోవాటికి తీరుబాటు ఎక్కువ, ఇవి చేసింది అవి తింటున్నంత కాలం తొట్టి చల్లగా ఉంటుంది అని. అవి తినకపోతే ఏమైతుంది మేడం అని ఒక పిల్ల అడిగింది. పులిసిపోతుందమ్మా అని నవ్వింది. అప్పుడు నవ్వడానికి ఏముండిందో ఇప్పుడు గుర్తు రావడం లేదు. ఆ పిల్ల వేసుకున్న పచ్చ గాజులు మాత్రం గుర్తున్నాయి.

ఇదంతా మొదలైంది వెన్న నిల్వ చేసే చల్లగది కంప్రెసరు కాలిపోయిన వారం. కొత్త మోటారు హైదరాబాదు నుంచి రావాలి. అంతలో గదిలో పేర్చిన వెన్నంతా కరిగి, పసుపుపచ్చగా గడప దాటి వరండాలోకి పారింది. ఎండాకాలం, రెండు రోజుల్లోనే ముక్కు పుటాలు అదిరిపోయే వాసన. తనిఖీకి ఆఫీసర్లు వస్తున్నారని కబురొచ్చింది. మేనేజరు నారాయణ ఆమెను పిలిపించాడు. మంచి మనిషే, ఎప్పుడూ గొంతు పెంచడు, ఆ రోజు కూడా పెంచలేదు. 'సూడు మెహనాజమ్మా, రేపటికి ఈ జిడ్డు ఈడ కనపడకూడదు. నీ తొట్టిలోకన్నా పోవల్ల, లేదంటే యెనక వంకలోకన్నా పోవల్ల. రెండిట్లో ఏదో నువ్వే సెప్పు' అన్నాడు. డ్రమ్ములకెత్తి దాచుదాం సార్, రోజూ రొంత రొంత పోస్తే తొట్టి అలవాటు పడుతుంది, నెలరోజుల్లో తినేస్తుంది అంది. డ్రమ్ములు ఏడ పెడతావమ్మా, ఆఫీసర్ల నెత్తిన పెడతావా అన్నాడు. ఆమె కిటికీలోంచి వంక వైపు చూసింది. 'తొట్టిలోకే పొయ్యండి సార్' అంది. తన నోటితోనే అంది. ఎవరూ ఆమె చెయ్యి పట్టుకుని అనిపించలేదు. తొట్టి గట్టిది, తట్టుకుంటుంది, నాలుగు రోజులు జ్వరం వచ్చినట్టుండి తేరుకుంటుంది అనుకుంది. ఆ సాయంత్రం పనివాడు ఓబుళేశు పైపు పట్టుకుని నిలబడితే వెన్న బుడుంగు బుడుంగుమంటూ తొట్టిలోకి దిగుతున్న చప్పుడు, దానికి ఆమె ఒక లెక్క కట్టుకుంటూ నిలబడింది, లెక్క సరిపోతుందని తనకు తనే చెప్పుకుంటూ.

ఎన్నిసార్లు ఆ గదిలోకి మళ్ళీ పోయి, ఆ కుర్చీలో కూర్చుని, వేరే మాట చెప్పి చూసుకుందో. వంకలోకి అని ఉంటే? వెన్న ఒక్కసారి వంకలో పడి, ఇసుక మీద గడ్డకట్టి, నెలకో రెండు నెలలకో ఎండకు ఎండి పోయేదేమో, తొట్టి అయినా మిగిలేది, తొట్టి మిగిలితే రోజూ వచ్చే నీళ్ళు మంచివై పోయేవి. అట్లా అనుకోవడం ఇప్పుడు సులభం. అప్పుడు ఆ మాట అని ఉంటే ఇప్పుడు ఇదే మెట్ల మీద కూర్చుని దాని గురించి ఏడ్చేది. ఏది చెప్పినా ఎవరికో ఒకరికి చెడ్డదే జరిగే మాటను తన నోట్లో పెట్టి, రెండిట్లో ఏదో నువ్వే సెప్పు అని ఎంత మెత్తగా అన్నాడు. కోపం రావాలి. రావడం లేదు. మూడు వారాలుగా నిద్ర లేక, కోపానికి కావలసినంత ఓపిక కూడా ఒంట్లో లేదు.

ఓబుళేశు సోడా సంచి భుజాన వేసుకుని మెట్ల కిందికి వచ్చాడు. తొట్టి కట్టిన రోజు నుంచీ దాని దగ్గరే పనిచేసే మనిషి, నెత్తికి తువ్వాలు, కళ్ళు ఎర్రగా. 'ఇంగో సంచి ఏద్దునా మేడమ్మా?' 'ఎయ్యి ఓబుళేశూ.' 'ఏస్తే ఏమన్నా అవుతాదా?' సోడా పులుపును కాసేపు విరుస్తుంది, అంతే, పొద్దుటికి మళ్ళీ మామూలే. సున్నం కూడా వేశారు, అది జిడ్డుతో కలిసి తెల్లటి ముద్దలై అడుగున పేరుకుంది, పైపులు పూడుకుపోయాయి. జిడ్డు పోయి బురద రేణువులకు పూత పూసినట్టు పట్టుకుంది, ఆ పూత కింద ఉన్నవాటికి తిండి అందదు. తేలికైపోయిన బురద అడుగున ఉండక పైకి తేలి, బయటికి పోయే నీళ్ళతో కలిసి కొట్టుకుపోయింది. నెమ్మదిగా తినే ఆ రెండో రకానివి, ఏళ్ళు పట్టి పెరిగినవి, కళ్ళముందే కాలవలో నల్లగా పోతుంటే ఆమె జల్లెడ పట్టుకుని నిలబడింది ఒకరోజు. జల్లెడతో ఏం ఆపుతావని ఎవరూ అడగలేదు. 'సిన్నప్పుడు మా యమ్మ పెరుగు తోడు పెట్టేది' అన్నాడు ఓబుళేశు సంచి విప్పుతూ, 'తోడు చెడిపోతే పక్కింటికి పోయి రొంత అడక్కొచ్చేది. అట్లనే గదా, మీ తమ్ముడు తెచ్చేది గూడా? కడపోళ్ళ తోడు.' 'అట్లనే' అంది. అతని ముఖంలో వెలుగు చూసి తల తిప్పుకుంది. నిజానికి ఆమె కూడా అదే నమ్ముకుని కూర్చుంది. కడప ప్లాంటులో బతికున్న ఇంకో డైజెస్టరు నుంచి ట్యాంకరు నిండా నల్లటి బురద వస్తే, దాంట్లో ఆ నెమ్మది జీవులు కోట్లకు కోట్లు ఉంటే, ఒక పదిరోజులు తిండి తగ్గించి పెడితే...

తిండి తగ్గించడం ఎట్లా. పాలు ఆగవు. పొద్దున వస్తాయి, సాయంత్రం వస్తాయి, ఆదివారం వస్తాయి, పండగ పూట ఇంకా ఎక్కువ వస్తాయి. పాలు వచ్చినన్నాళ్ళు కడిగిన నీళ్ళు వస్తాయి. ఆ నీళ్ళు ఆపి పెట్టడానికి ఉన్న గుంటలన్నీ అంచులదాకా నిండాయి, మీద నురుగు పేరుకుని ఈగలు. 'ఒక్క వారం పాలు తీసుకోవడం ఆపండి సార్' అని అడిగింది నిన్న. నారాయణ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. 'వారం పాలు ఆపితే ఊర్లల్లో వాళ్ళు ఎనుముల్ని సంతకు తోలుకుంటారమ్మా. నీకు తెలీందా?' తెలుసు. వంక అవతల రేకుల ఇంట్లో ఉండే కృష్ణవేణమ్మ రెండు ఎనుములను పెట్టుకుని ఈ డైరీకే పాలు పోసి బతుకుతుంది, మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. పాలు ఆపినా ఆమెకే దెబ్బ, నీళ్ళు వంకలోకి వదిలినా ఆమెకే. 'ట్యాంకరు వచ్చేదాకా సూస్తా' అన్నాడు నారాయణ. 'ఆ యెనక ఇంగ సూడలేను. గుంటలు తెగితే ప్లాంటులోకే వస్తాది నీళ్ళు.'

రోడ్డు మీద దుమ్ము లేచింది. మెహనాజ్ లేచి నిలబడింది. గడ్డి ట్రాక్టరు. మళ్ళీ కూర్చుంది. ఆ దుమ్ములో ఎక్కడినుంచో తడి బియ్యం కుళ్ళిన వాసన తగిలింది, తగల్లేదు, అది ముక్కులో పుట్టిన వాసన, కర్నూలులో తుంగభద్ర ఇళ్ళమీదికి వచ్చిన ఏడాదిది. అప్పుడు తను పదో తరగతి దాటింది, ఫిరోజ్ మరీ చిన్నవాడు, మిద్దె మీద అమ్మీ జులేఖా బీ వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే కింద వీధి నిండా గోధుమరంగు నీళ్ళు మంచాలనూ తలుపులనూ మోసుకుపోతున్నాయి. నీళ్ళు తీశాక ఇంట్లో మోకాలెత్తు ఒండ్రు. ఆ ఒండ్రులో బియ్యం బస్తా ఉబ్బి పగిలి, అందులోంచి బుడగలు వచ్చేవి, అబ్బా మౌలా సాహెబ్ పార పట్టుకుని ఆ బుడగల వంక చూస్తూ, 'ఇదేందో లోపల ఊపిరి తీసుకుంటున్నట్టుంది' అన్నాడు. అందరూ ముక్కు మూసుకుంటే తను వంగి చూసింది. ఆ బుడగలు ఏమిటో తెలుసుకోవాలనిపించింది. తెలుసుకుంది కూడా, డిగ్రీ, తర్వాత ఎమ్మెస్సీ, తర్వాత ఈ తొట్టి. ఇంత తెలుసుకుని ఏం చేసింది? చచ్చిపోతున్నదానికి ఎట్లా చచ్చిపోతున్నదో, ఏ వరసలో చచ్చిపోతున్నదో, ఎవరూ అడక్కపోయినా విడమరిచి చెప్పగలదు.

తొట్టి కొత్తగా కట్టినప్పుడు ఊరూరా తిరిగి పేడ తెచ్చారు. కృష్ణవేణమ్మే ముందు పోసింది, గంపకెత్తుకుని వచ్చి, 'మా ఎనుముల పేడతో మీకేం పని పాపా' అని నవ్వుతూ. రోజుకు కాసిన్ని పాలనీళ్ళు, రేపు ఇంకాసిన్ని, పసిబిడ్డకు పెట్టినట్టు. ఎన్నో నెలలు ఏమీ లేదు. ఒక సాయంత్రం ఓబుళేశు గొట్టం చివర గుడ్డ మంట పెడితే భుగ్గుమని అంటుకుంది, నీలంగా, చప్పుడు లేకుండా. అంతా చప్పట్లు కొట్టారు. నారాయణ జిలేబీ తెప్పించాడు. ఆ రాత్రి ఇంటికి పోయి అబ్బాకు చెబితే ఆయన అర్థం కాకపోయినా 'మాషా అల్లా' అన్నాడు. ఇప్పుడు అదే గొట్టం చివర అగ్గిపుల్ల పెడితే పుల్లే ఆరిపోతోంది.

ట్యాంకరు రానే వచ్చింది. గేటు దగ్గర హారను రెండుసార్లు మోగింది, అది ఫిరోజ్ అలవాటు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ లారీ తోలే తమ్ముడు, అక్క అడిగిందని సెలవు పెట్టి, తెలిసినవాళ్ళ ట్యాంకరు తీసుకుని కడపకు పోయి, నిన్నటినుంచీ అక్కడే పడిగాపులు కాసి నింపించుకుని వచ్చాడు. క్యాబినులోంచి దూకాడు, గడ్డం మీద దుమ్ము, పెదాలు పగిలి ఉన్నాయి, కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి. 'తెచ్చినా ఆపా! సారు లేడంటే లేడన్నారు, నేను ఈడే పడుకుంటానన్నా. పొద్దున్నే నింపినారు. ఒక్కసారి గూడా యాడా ఆపలే, ఎండకు చెడిపోతాదని నువ్వు సెప్పినావు గదా.' ఓబుళేశు అప్పటికే పైపు ఈడ్చుకొస్తున్నాడు. మెహనాజ్ వెనక వాల్వు కొద్దిగా తిప్పి, గ్లాసు పట్టింది.

బురద నల్లగా లేదు. మట్టిరంగులో, మీద నురుగుతో ఉంది. వాసన చూసింది, వాన పడ్డ నేల వాసన. ఎంత మంచి వాసన. గాలి కొట్టే చెరువులోంచి తోడిన బురద అది, గాలి మీద బతికేవాటిది. డైజెస్టరులోది కానే కాదు. అక్కడివాళ్ళు ఏది చేతికందితే అది నింపి పంపారు, అడగడానికి వచ్చిన లారీ డ్రైవరుకు తేడా తెలియదని వాళ్ళకు తెలుసు, లేదా వాళ్ళకూ తెలియదు. గాలి లేని తొట్టిలో ఇవి ఈ సాయంత్రానికే చస్తాయి, చచ్చి ఇంకొంచెం పులుపవుతాయి. గ్లాసు వెలుతురుకు పెట్టి ఇంకా చూస్తూనే ఉంది, చూసేది ఏమీ లేకపోయినా. గ్లాసు దించితే తమ్ముడి ముఖం చూడాలి. ఫోనులో తను నల్లగా ఉండాలని చెప్పిందా? చెప్పింది, చెప్పిందనే అనుకుంటోంది, ఆ మాట చెప్పేటప్పుడు లైను గరగరమంది. మళ్ళీ పంపిస్తే? మళ్ళీ కడప, మళ్ళీ లేని సారు, మళ్ళీ ఒక రోజు, అప్పటికి తొట్టిలో తోడు వేయడానికి ఏం మిగులుతుంది. 'ఆపా, బాగుండాదా?' అన్నాడు ఫిరోజ్. ఒండ్రులో బుడగలు చూడ్డానికి వంగితే వీడే తన దుపట్టా పట్టుకుని వెనక్కి లాగినవాడు, పడతావాపా అని. 'బాగుండాది' అంది. 'శానా మంచిది తెచ్చినావు. పోయి కడుపునిండా తిని పండుకో, పో.' వాడు ట్యాంకరు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు, ఎద్దును తట్టినట్టు. ఓబుళేశు బిగించిన పైపులోంచి మట్టిరంగు బురద గడగడమంటూ తొట్టిలోకి పోతోంది, అతను పెదవులు కదుపుతూ ఏదో మొక్కుకుంటున్నాడు. ఆమె ఆపలేదు. ఆపితే చెప్పాలి. చెప్పినా, ఇంక చెడేదేముంది.

నారాయణ ఫోను చేశాడు. అతనొక్కడికే నిజం చెప్పింది, రెండు ముక్కల్లో. 'అల్లా మీద, దేవుని మీద, ఎవరి మీద ఒట్టన్నా పెట్టించుకో తల్లీ, నాకూ ఇష్టం లేదు' అన్నాడు. కొంచెంసేపటికి ప్రహరీ మూల గుంటల తూము గేటు చక్రం తిరుగుతున్న కిర్రుమనే చప్పుడు వినపడింది. గుంటల్లోంచి నీళ్ళు కదిలాయి, ముందు మెల్లగా, తర్వాత దోవ తెలిసినట్టుగా. మెహనాజ్ వెనక గేటు తీసుకుని వంక దాటి అవతలి గట్టు మీద పరుగెత్తింది. నీళ్ళు ఎండిన ఇసుకలో ఇంకుతూ, ఇంకినంత మేర జిడ్డు మెరుస్తూ, ఆమె వెనకే వస్తున్నాయి. ఆ ఇసుకే బావికి ఊట. వంకలో నీళ్ళు పారితే బావిలో నీళ్ళు పెరుగుతాయి, వానాకాలంలో అందరూ సంతోషపడే సంగతే.

కృష్ణవేణమ్మ ఎనుములకు గడ్డి వేస్తోంది. ముఖం చూసి, 'ఏమి పాపా, ఎవురికేమైంది?' అంది. 'ఎవురికీ ఏం కాలేదు పెద్దమ్మా. డైరీ నీళ్ళు వదిలినారు. పొద్దుగూకే లోపల మీ బాయిలోకి దిగుతాయి. ఆ యెనక తాగొద్దు.' 'ఎన్నాళ్ళు?' 'తెలీదు.' 'నువ్వు సదువుకున్నదానివి, నీకు తెలీకుండా ఎట్లుంటాది?' మెహనాజ్ నోరు తెరిచి, ఏదో ఒక గడువు చెబుదామనుకుంది, ఇందాక తమ్ముడికి చెప్పినట్టు. ఈసారి రాలేదు. 'కొత్తగా మల్ల పేడ పోసి మొదలుపెట్టల్ల. అది మేనేజరు సేతిలో లేదు, నా సేతిలో లేదు. ఏడాది పట్టొచ్చు. మొదలే పెట్టకపోవచ్చు.' 'మరి ఎనుములకు?' 'వాటికీ వద్దు.' పెద్దావిడ గడ్డి చేతిలో పట్టుకుని వంక వైపు చూసింది. 'దప్పికైతే అవి నా మాట ఇంటాయా' అంది, అదీ మెహనాజ్‌తో కాదు.

తర్వాత తిట్టలేదు, ఏడవలేదు. ఇంట్లోకి పోయి బిందెలు తెచ్చింది. ఇద్దరూ కలిసి తోడటం మొదలుపెట్టారు. మెహనాజ్ దుపట్టా నడుముకు చుట్టుకుని చేంతాడు లాగుతుంటే గిలక ఏడుస్తోంది, అరచేతులు మండుతున్నాయి, నీళ్ళు చల్లగా ఉన్నాయి, అద్దంలా ఉన్నాయి, ఇంత మంచి నీళ్ళా అని ఆశ్చర్యం వేస్తోంది. బిందెలు నిండాయి, కడవలు నిండాయి, బియ్యం డబ్బా ఖాళీ చేసి నింపారు, స్నానాల బాన, ఎనుముల కుడితి తొట్టి, పగుళ్ళకు గుడ్డ కుక్కి పాత సిమెంటు గాబు. వంకలో నీళ్ళు బావికి ఎదురుగా వచ్చేశాయి. వాసన కూడా వచ్చింది. ఇంకేమున్నాయి పెద్దమ్మా, ఇంకేమన్నా ఉంటే తే అని అరిచింది మెహనాజ్. అరుగు మీద కడిగి బోర్లించిన పాల క్యాను కనపడి తనే పోయి తీసుకుంది.

'అది ఈడనే పెట్టు పాపా' అంది కృష్ణవేణమ్మ. 'సాయంత్రం పాలు మీ డైరీకే పొయ్యల్ల గదా.'